నేతపేటల వాకిట వేసవి పూలవరుస

సోలాపూర్ నగరం తూర్పు భాగంలో, అశోక్ చౌక్, కన్నా చౌక్ పరిసరాల నుండి అక్కలకోట రోడ్డు పారిశ్రామిక వాడ వరకు విస్తరించిన నేతపేటలలో, మగ్గాల షెడ్డుకూ వీధికీ మధ్యనో, ఇంటి గోడకూ మోరీకీ మధ్యనో రెండు మూడు అడుగుల వెడల్పున సన్నని నేల మిగిలిన ఇళ్ళు ఉన్నాయి. గోడ వెంట పొడవుగా సాగే ఇటువంటి నేలలో మొక్కలను వరుసగా పెంచే పద్ధతిని తోటపనివారు బార్డర్ అంటారు. ఈ ప్రసంగంలో దానికి పూలవరుస అన్నదే పేరు. ఏప్రిల్, మే నెలల ఎండలో కూడా ఆ పూలవరుసను నిలబెట్టగల బహువార్షిక మొక్కలు ఏవి, వాటిని ఏ లెక్కన ఎంచుకోవాలి అన్నదే నేటి విషయం.

బహువార్షికం అంటే ఒకసారి నాటితే అనేక సంవత్సరాల పాటు బతికే మొక్క. మల్లె, నందివర్ధనం, గోరింట, కనకాంబరం, గన్నేరు ఈ కోవలోనివి. ఏకవార్షికం అంటే విత్తనం నుండి మొలిచి, పూచి, గింజ కట్టి, ఒక్క రుతువులో ఆయువు ముగించుకునే మొక్క. బంతి, గునుగు, సీతమ్మవారి జడ ఈ కోవలోనివి. చాదర్ నేసే ఇంట పుట్టినవారికి ఈ తేడాను పడుగు, పేకల పోలికతో చెప్పడం తేలిక. పడుగు ఒకసారి మగ్గానికి ఎక్కిన తరువాత నేత ముగిసేదాకా మారదు. పేక రంగు మాత్రం నేసేవారి ఇష్టాన్ని బట్టి మారుతూ ఉంటుంది. పూలవరుసలో బహువార్షికాలు పడుగు, ఏకవార్షికాలు పేక. పడుగు ఎంపికలో తప్పు జరిగితే పేక ఎంత అందమైనదైనా బట్ట నిలవదు కనుక, ముందుగా, నిదానంగా ఆలోచించవలసింది బహువార్షికాల గురించే.

ఈ ఆలోచనకు మొదటి మెట్టు ఊరి నేలనూ, నీటినీ, ఎండనూ గుర్తించడం. నూలు మిల్లులు, చేనేత ఇచ్చిన పని కోసం 19వ శతాబ్దంలోనూ ఆ తరువాతా తెలంగాణ జిల్లాల నుండి తరలివచ్చిన పద్మశాలి కుటుంబాలు ఎక్కువగా ఎర్రని చెల్క నేలలకు అలవాటు పడినవారు. చెల్కలో నీరు త్వరగా ఇంకి, త్వరగా ఆరిపోతుంది. సోలాపూర్‌లో ఎక్కువ చోట్ల ఉన్నది నల్లరేగడి. అది నీటిని చాలాకాలం పట్టి ఉంచుతుంది, తడిసినప్పుడు ఉబ్బుతుంది, ఎండినప్పుడు కుంచించుకుపోయి లోతైన నెర్రెలు విచ్చుతుంది, పైగా దానిలో సున్నం పాలు ఎక్కువ. అందువల్ల తెలంగాణలోని స్వగ్రామంలో కళకళలాడిన మొక్క ఇక్కడ కూడా అలాగే కళకళలాడుతుందన్న నమ్మకం పెట్టుకోవడానికి లేదు.

నీటి సంగతి శ్రోతలకు వేరుగా చెప్పనవసరం లేదు. సహ్యాద్రి పర్వతాలు నైరుతి మేఘాలను అడ్డుకోవడం వల్ల వాటికి తూర్పున ఉన్న ఈ ప్రాంతం వర్షచ్ఛాయలో పడింది. అంటే కొండలకు ఆవలివైపు కురిసిన వానలో కొద్ది భాగమే ఈవలికి చేరుతుంది. ఆ కొద్ది వాన కూడా ఎక్కువగా సెప్టెంబరులో పడుతుంది. వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటడం మామూలు విషయం. భీమా నదిపై ఉజని ఆనకట్ట ఉన్నప్పటికీ, నల్లా నీరు ప్రతిరోజూ వస్తుందన్న భరోసా పేటలలో లేదు. కనుక ఈ ఊరి పూలవరుసకు కావలసింది రోజూ నీరు అడిగే మొక్క కాదు. నీరు వచ్చిన రోజున కడుపు నిండా తాగి, రాని రోజులలో ఓపిక పట్టగల మొక్క.

పూలవరుసను ఒక కళగా తీర్చిదిద్దినవారిలో ఇంగ్లండ్‌కు చెందిన గెర్‌ట్రూడ్ జెకిల్ పేరు ప్రసిద్ధం. 1843లో పుట్టి 1932లో మరణించిన ఈమె మొదట చిత్రకళ అభ్యసించి, తరువాత తోటల రూపకల్పనకు మళ్ళింది. సర్రీ ప్రాంతంలోని మన్‌స్టెడ్ వుడ్ అనే తన నివాసంలో సుమారు 200 అడుగుల పొడవున ఆమె పెంచిన పూలవరుసలో రెండు కొసల వద్ద చల్లని లేత రంగులు, నడుమ ఎరుపు, నారింజ వంటి వేడి రంగులు ఉండేవి. ఒకే పూలవరుస ఏడాది పొడవునా నిండుగా ఉండదని గ్రహించి, దానిని జులై మధ్య నుండి అక్టోబరు వరకు కళకళలాడేలా ఆమె రూపొందించింది. మిగిలిన రుతువులకు వేరే చోట్లు కేటాయించింది. ఈ విధానంలో సోలాపూర్ శ్రోతలు తీసుకోదగిన పాఠం ఒకటి ఉంది: పూలవరుస ఏ నెలలలో బాగుండాలో ముందే తేల్చుకోవాలి. తీసుకోకూడనిది కూడా ఒకటి ఉంది: ఆమె వాడిన మొక్కల జాబితా. ఇంగ్లండ్ వేసవి మొక్కకు పండుగ, అక్కడ మొక్కకు పరీక్ష చలికాలం. సోలాపూర్‌లో చలికాలం మొక్కకు పండుగ, పరీక్ష వేసవి. అక్కడి డెల్ఫీనియం, లూపిన్, పియోనీ వంటి మొక్కలు చలిలో నిద్రపోయి వసంతంలో లేచేవి. ఇక్కడి మే నెల వాటికి సరిపడదు. ఆకర్షణీయమైన బొమ్మలతో అమ్మే విత్తనాల పొట్లాలను కొనే ముందు ఈ తేడాను గుర్తుంచుకోవడం మంచిది.

అయితే ఏ ప్రశ్నతో మొక్కను ఎంచుకోవాలి? పువ్వు రంగు ఏమిటి అన్నది రెండో ప్రశ్న. మొదటి ప్రశ్న ఇది: ఈ మొక్క వేసవిని ఎలా గడుపుతుంది? ఈ ప్రశ్నకు మేలైన జవాబులు మూడు ఉన్నాయి. కొన్ని మొక్కలు వేసవిలో పూస్తాయి. కొన్ని పూయకపోయినా, అరకొరగా పూచినా, ఆకు వాడకుండా ఓర్చుకుంటాయి. మరికొన్ని నేలలోపల దుంపగా నిద్రపోయి, వాన వాసన తగలగానే లేస్తాయి. పూచేవి, ఓర్చేవి, నిద్రించేవి: ఈ మూడు మాటలు గుర్తుంటే ప్రసంగంలోని మిగిలిన వివరాలు వాటంతట అవే ఒక క్రమంలో కుదురుకుంటాయి.

ముందుగా పూచేవి. వీటిలో తెలుగు ఇంటికి తొలి తాంబూలం మల్లెది. వేసవి పూవుగా మల్లెకు ఉన్న పేరు వెనుక ఒక వృక్షశాస్త్ర రహస్యం ఉంది. మల్లె పాత కొమ్మలపై కాక, ఆ ఏడాది కొత్తగా వచ్చిన చిగురు కొసలపై మొగ్గ తొడుగుతుంది. అందుచేత కొమ్మలు కత్తిరించని మల్లె పొదగా పెరుగుతుందే తప్ప పూలు తక్కువగా ఇస్తుంది. సంక్రాంతికి జరిగే సిద్ధేశ్వర గడ్డా యాత్రను ఇందుకు ఒక గుర్తుగా పెట్టుకోవచ్చు. యాత్రకు కొన్ని వారాల ముందు నుండి నీరు తగ్గించి మొక్కకు విశ్రాంతి ఇవ్వాలి. యాత్ర ముగిసిన తరువాత ఎండు కొమ్మలనూ, బలహీనమైన రెమ్మలనూ తీసివేసి, మిగిలిన పొదను సగానికి కత్తిరించాలి. పాదు తవ్వి, బాగా చివికిన పశువుల ఎరువు వేసి, అప్పుడు నిండుగా నీరు పెట్టాలి. విశ్రాంతి తరువాత అందిన ఆ నీటితో కొత్త చిగురు ఒక్కసారిగా వస్తుంది. ఉగాది నాటికి ఆ చిగురు కొసన మొగ్గలు కనిపిస్తాయి. మరల చెప్పుకోవలసిన విషయం ఇది: మల్లెకు ముందు దాహం, తరువాత కత్తెర, ఆ తరువాతనే ఎరువు, నీరు. ఈ క్రమం తారుమారైతే పూత తగ్గుతుంది.

పూచేవాటిలో రెండోది బిళ్ళగన్నేరు. మరాఠీ ఇరుగుపొరుగు దీనిని సదాఫులీ అంటారు. మడగాస్కర్ దీవి నుండి ప్రపంచమంతా వ్యాపించిన ఈ చిన్న మొక్క అడుగున్నర ఎత్తుకు మించకుండా, గులాబీ, తెలుపు రంగులలో వేసవి పొడవునా పూస్తుంది. గోడ పగులులో పడిన విత్తనం నుండి కూడా మొలిచే మొండితనం దీనిది. దీని ఆకులలోని ఆల్కలాయిడ్లు, అంటే మొక్క తన రక్షణ కోసం తయారుచేసుకునే చేదు రసాయనాలు, మేకలను దూరంగా ఉంచుతాయి; ఆ రసాయనాల నుండే 1950ల చివరి నుండి విన్‌బ్లాస్టిన్, విన్‌క్రిస్టిన్ అనే క్యాన్సర్ మందులు వెలువడ్డాయి. వాటిని వైద్యశాలలలో వైద్యులు మాత్రమే వాడతారు. ఇంట్లో ఈ ఆకు నమలడం, కషాయం కాచడం ప్రమాదకరం. పెరటి మొక్కగా దీనికి ఉన్న ఒకే బలహీనత నీరు నిలవడం. పాదులో నీరు నిలిస్తే వేరు కుళ్ళి, ఎండను జయించిన మొక్క వానకు ఓడిపోతుంది. కనుక రేగడిలో దీనిని కొంచెం ఎత్తుగా కట్టిన మట్టిలో నాటాలి.

మూడోది నందివర్ధనం. మెరిసే ముదురాకు, తెల్లని పువ్వు, పూజకు అక్కర, పెద్దగా సేవ అడగని స్వభావం, ఇవన్నీ కలిసి దీనిని పూలవరుసలో వెనుక నిలబెట్టదగిన మొక్కగా చేశాయి. నేతపేటలకు సంబంధించి దీనికి మరొక అనుకూలత ఉంది. మరమగ్గాలు నడిచే చోట గాలిలో నూలు నుసి ఎగురుతూ ఉంటుంది. నూగు ఉన్న గరుకు ఆకులపై ఆ నుసి అతుక్కుని, దుమ్ముతో కలిసి పొరలా పేరుకుంటుంది. ఆకు వెలుతురు అందుకోలేక నీరసిస్తుంది. నందివర్ధనం, గన్నేరు వంటి నునుపు ఆకుల మొక్కలపై నుసి నిలవదు. నీరు వచ్చిన రోజున ఒక చెంబెడు నీళ్ళు పైనుండి చల్లితే జారిపోతుంది. మగ్గం షెడ్డు పక్కన నాటదలచినవారు మొక్కను కొనే ముందు ఆకును వేలితో నిమిరి చూడడం ఉపయోగకరమైన అలవాటు.

కాగితపు పూల మొక్క, అంటే బోగన్‌విలియా, వేసవి రంగుకు పెట్టింది పేరు. 1766 నుండి 1769 వరకు సాగిన ఫ్రెంచి నౌకాయాత్రలో వృక్షశాస్త్రవేత్త కొమెర్సన్ బ్రెజిల్‌లో దీనిని సేకరించాడు. ఆ యాత్ర నాయకుడైన బోగన్‌విల్ పేరే దీనికి స్థిరపడింది. రంగురంగుల రేకులుగా కనిపించేవి నిజానికి రంగు మారిన ఆకులు. అసలు పువ్వు వాటి నడుమ సన్నని తెల్లని గొట్టంలా ఉంటుంది. నీరు ఎక్కువైతే ఇది ఆకు వేస్తుంది, నీరు తగ్గితే పూస్తుంది. నీటి కొరత ఉన్న ఊరికి ఇంతకన్న అనుకూలమైన స్వభావం ఉండదు. కాని దీనికి ముళ్ళు ఉన్నాయి. ఇరుకు సందులో పిల్లల కళ్ళ ఎత్తున ముళ్ళ కొమ్మ వేలాడడం క్షేమం కాదు కనుక, దీనిని పడమటి గోడ మీదుగా మేడపైకి పాకించడమో, మేడపైన పెద్ద కుండీలో పెంచడమో మేలు. అటువంటి జాగ్రత్తే గన్నేరు విషయంలోనూ అవసరం. ఎండను లెక్కచేయని గన్నేరు వేరు నుండి పువ్వు దాకా విషపూరితం. చిన్నపిల్లలు ఆడుకునే వాకిట, పశువులు మెడచాచే వీధి అంచున దానిని నాటకూడదు.

ఇక రెండో వర్గం, ఓర్చేవి. వీటిలో తంగేడు మొదటిది. తెలంగాణ రాష్ట్ర పుష్పమైన ఈ పొద సోలాపూర్ చుట్టుపక్కల బీళ్ళలో కూడా తనంతట తానే పెరుగుతుంది. మరాఠీలో దీనిని తర్వడ్ అంటారు. సోలాపూర్ తెలుగు స్త్రీలు ఏటా బతుకమ్మ పేర్చేటప్పుడు తంగేడు కోసం ఊరి బయటికి వెళ్ళవలసి రావడం, బజారులో కొనవలసి రావడం మామూలే. పేట చివర, కాలనీ ఖాళీ స్థలంలో, ఆలయ ప్రాంగణంలో నాలుగు తంగేడు పొదలు ఉంటే ఆ కొరత కొంత తీరుతుంది. అయితే బీడులో ఎదిగిన తంగేడును పెరికి తెచ్చి నాటితే అది సాధారణంగా బతకదు. నీటి కోసం తల్లివేరు నేరుగా లోతుకు దిగడమే దాని బలం. పెరికినప్పుడు తెగేది ఆ వేరే. కనుక ఎండిన కాయల నుండి గింజలు తీసి, గట్టి పెంకు మెత్తబడేలా రాత్రంతా నానబెట్టి, మొక్క శాశ్వతంగా ఉండవలసిన చోటనే తొలకరిలో విత్తాలి. రెండేళ్ళ ఓపిక పెట్టినవారికి తంగేడు అనేక సంవత్సరాల పూతతో బదులు తీరుస్తుంది.

ఓర్చేవాటిలో రెండోది గోరింట. కంచెగా పెంచదగిన ఈ పొదకు చిన్న ఆకులు ఉండడం వల్ల నీటి ఖర్చు తక్కువ; కొసల గుత్తులుగా వచ్చే పూలకు మంచి పరిమళం ఉంటుంది. ఆషాఢంలో ఆడపిల్లలు ఆకు కోసుకోవడమే దీనికి కత్తిరింపు కూడా అవుతుంది. పూలవరుసకు పడమటి కొసన, అంటే మధ్యాహ్నపు ఎండ తగిలే వైపున, ఒక గోరింటను నిలబెడితే దాని తూర్పు నీడలో సుకుమారమైన మొక్కలు తలదాచుకుంటాయి. ఆ నీడకు అర్హమైన మొక్క కనకాంబరం. ఉదయపు ఎండ, మధ్యాహ్నపు నీడ దానికి సరిపోతాయి. ఢిల్లీ కనకాంబరం అని పిలిచే రకం గింజ కట్టదు కనుక కొమ్మ ద్వారానే పెంచాలి. వేర్లలో బుడిపెలు కట్టించే నులిపురుగులు కనకాంబరానికి ప్రధాన శత్రువులు. నాటడానికి ముందు అదే పాదులో ఒక పంట బంతి పెంచితే ఆ పురుగుల ఉధృతి తగ్గుతుంది.

మూడో వర్గం నిద్రించేవి. వాన లిల్లీ అని పిలిచే చిన్న దుంప మొక్క వేసవిలో నీరు అందకపోతే ఆకు రాల్చి నేలలో దాగి ఉంటుంది. మొదటి వాన పడిన కొద్ది రోజులకే తెలుపు, గులాబీ పూలతో వరుస అంచును నింపుతుంది. మే పుష్పం మరొకటి. నేలలో నిద్రించిన దుంప నుండి మే నెల ప్రాంతంలో ఒకే కాడ లేచి, బంతి ఆకారంలో ఎర్రని పూగుత్తిని ఎత్తిపడుతుంది. దానికి నీడ ఇష్టం కనుక తూర్పు గోడ నీడలో కుండీలో పెంచడం మంచిది. సాయంత్రం నాలుగు గంటల వేళ పూలు విప్పే చంద్రకాంత కూడా నేలలోని దుంప బలంతో మళ్ళీ మళ్ళీ చిగురించేదే. నీరు కొంచెం దొరికితే వేసవిలో కూడా పూస్తుంది. నిద్రించేవాటిలో ఉన్న సుగుణం, అవి వేసవిలో చోటును మాత్రమే అడుగుతాయి, నీటిని అడగవు. అవి ఉన్న చోట చిన్న పుల్లతో గుర్తు పెట్టుకోకపోతే, ఖాళీ నేల అనుకుని పలుగుతో తవ్వి దుంపలను నరికే ప్రమాదం ఉంది.

పూచేవి, ఓర్చేవి, నిద్రించేవి అన్న ఈ మూడు వర్గాలలో ఏదానికీ చెందనివి, అంటే వేసవిలో యాతన పడేవి కూడా కొన్ని ఉన్నాయి. వాటిలో నూరువరహాలు ముఖ్యమైనది. కోస్తా జిల్లాల తోటలలో అందంగా పూచే ఈ మొక్క సున్నం ఎక్కువైన రేగడిలో పసుపు రంగుకు తిరుగుతుంది. నేలలో ఇనుము ఉన్నప్పటికీ, సున్నం వల్ల క్షారగుణం పెరిగిన మట్టి నుండి వేరు దానిని గ్రహించలేదు. ఈనెలు పచ్చగా, వాటి మధ్య భాగం పసుపుగా మారడం ఆ లోపానికి గుర్తు. దీనిపై మక్కువ ఉన్నవారు నేలలో కాక, తెచ్చిన ఎర్రమట్టి, ఎరువు కలిపిన కుండీలో పెంచుకోవడం మేలు. తూర్పు గోదావరి ప్రాంతపు కడియం నర్సరీల నుండి దేశమంతటికీ మొక్కలు వెళుతుంటాయి. గోదావరి కాలువల తేమలో, నీడ వలల కింద పెరిగిన మొక్కను లారీ దిగిన రోజే సోలాపూర్ ఎండలో నాటడం దానికి శిక్ష. రెండు వారాలు నీడలో ఉంచి, రోజూ కొంచెం కొంచెంగా ఎండకు అలవాటు చేసిన తరువాతనే నేలలోకి దించాలి.

నేతపేటకే ప్రత్యేకమైన మరొక హెచ్చరిక నీటికి సంబంధించినది. నీటి కొరతలో ఏ నీరైనా మంచిదే అనిపించవచ్చు. కాని అద్దకపు నీటిని మాత్రం మొక్కలకు పోయకూడదు. నూలుకు రంగు అద్దేటప్పుడు వాడే ఉప్పు, కాస్టిక్ సోడా ఆ నీటిలో ఉంటాయి. వాటిలోని సోడియం రేగడి మట్టి రేణువులను విడదీసి, నేలను తడిగా ఉన్నప్పుడు బురదగా, ఎండినప్పుడు రాయిగా మారుస్తుంది. ఆ తరువాత మంచినీరు పోసినా లోపలికి ఇంకదు. బియ్యం, కూరగాయలు కడిగిన నీరు నిస్సంకోచంగా వాడుకోవచ్చు. స్నానపు నీరు పారే మోరీ పక్కన మెట్టతామరను నాటితే, ఆ తడిని తాగి అది ఎర్రని, పసుపు పూలు పూస్తుంది. మురుగునీటిని శుభ్రపరిచే కృత్రిమ చిత్తడి మడులలో కూడా మెట్టతామరను వాడుతున్నారంటే దాని శక్తిని ఊహించవచ్చు.

నీటిని సంపాదించడం ఒక ఎత్తు, నేలలో నిలపడం మరొక ఎత్తు. ఈ విషయంలో సోలాపూర్‌కు పేరున్న చరిత్ర ఉంది. వానాధార వ్యవసాయంపై పరిశోధన చేసే మెట్టసాగు కేంద్రాలను 1930లలో దేశంలో మొదటగా నెలకొల్పిన చోట్లలో సోలాపూర్ ఒకటి. ఈ జిల్లాలో పండే మాల్దండి జొన్న శీతాకాలంలో దాదాపు వానే లేకుండా, రేగడి దాచి ఉంచిన తేమతోనే గింజ పోసుకుంటుంది. ఆ చేనిలో రైతు మళ్ళీ మళ్ళీ గుంటక తోలేది కలుపు కోసం మాత్రమే కాదు. నెర్రెలను పూడ్చి, లోపలి తేమ ఆవిరి కాకుండా ఆపడం కోసం కూడా. అదే సూత్రం వాకిటి పూలవరుసకూ వర్తిస్తుంది. రేగడి నెర్రె విచ్చినప్పుడు సన్నని వేర్లు తెగుతాయి, తేమ బయటికి పోతుంది. కనుక నీరు పెట్టిన మరునాడు చిన్న దోకుడు పారతో పైమట్టిని ఒక అంగుళం లోతున గుల్ల చేసి, దానిపై ఎండుటాకులు కప్పాలి. బీడీలు చుట్టే ఇళ్ళలో తునికాకు కత్తిరించగా మిగిలే ముక్కలు ఈ కప్పుకు పనికివస్తాయి. వాటిలో పొగాకు దుమ్ము కలవకుండా మాత్రం చూసుకోవాలి, ఎందుకంటే పొగాకులోని నికోటిన్ పిల్లలకూ, వానపాములకూ హానికరం.

నీరు పోసే తీరు గురించి కూడా ఒక మాట. రోజూ చెంబెడు చల్లడం కన్న, మూడు నాలుగు రోజులకు ఒకసారి బిందెడు నీరు సాయంత్రం వేళ పాదు నిండా పెట్టడం మంచిది. పైపై తడి వేరును పైకి రప్పిస్తుంది. పైకి వచ్చిన వేరు ఎండకు మాడుతుంది. లోతు తడి వేరును కిందికి దించుతుంది. కిందికి దిగిన వేరుకు ఎండ భయం తక్కువ. నల్లా నీరు ఆలస్యమయ్యే ఇళ్ళలో, మెరుగు పూయని మట్టికుండను రెండు మొక్కల నడుమ మెడ దాకా పాతి, నీరు నింపి మూత పెడితే, ఆ నీరు కుండ గోడల గుండా మెల్లగా ఊరి రోజుల తరబడి వేళ్ళకు అందుతుంది.

ఇంతవరకు చెప్పిన విషయాలను ఒక ఉదాహరణతో కలిపి చూడవచ్చు. పది అడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు ఉన్న నేల ఒకటి ఉందనుకుందాం. పడమటి కొసన ఒక గోరింట. గోడ వెంట దూరదూరంగా రెండు నందివర్ధనాలు. వాటి నడుమ ఒక మల్లె. గోరింట నీడ పడే చోట రెండు కనకాంబరాలు. ముందు అంచున అడుగుకొకటిగా బిళ్ళగన్నేరు. వాటి సందులలో వాన లిల్లీ దుంపలు. ఇంతకు మించి రకాలు అక్కరలేదు. ఇరుకు నేలలో రకాలు పెరిగే కొద్దీ ఒక్కో మొక్కకు అందే నీరు తగ్గుతుంది, చూపుకు గందరగోళం పెరుగుతుంది. రంగుల విషయంలో తెలుపుకు పెద్దపీట వేయడానికి కారణం ఉంది. మగ్గం మీద పని ముగించుకున్నవారు వాకిట కూర్చునేది సాయంత్రం పొద్దు వాలిన తరువాత. ఆ మసక వెలుతురులో ఎరుపు నల్లబడుతుంది, తెలుపు వెలుగుతుంది. మల్లె పరిమళం కూడా అప్పుడే హెచ్చుతుంది. మిగిలిన ఖాళీలలో పేకగా ఏ ఏడాదికి ఆ ఏడాది బంతి, గునుగు వేసుకుంటే బతుకమ్మ నాటికి ఇంటి పూలు ఇంటనే దొరుకుతాయి.

ఇక నాటే కాలం. వేసవి పూలవరుసను వేసవిలో నాటకూడదన్నది ఈ ప్రసంగం అంతటిలోనూ ముఖ్యమైన మాట. జూన్ మొదటి వారంలో మృగశిర కార్తె ప్రవేశించి, తొలకరి పడి, నేల చల్లబడిన తరువాత నాటిన మొక్కకు సెప్టెంబరు వానలు, చలికాలపు చల్లదనం తోడుగా నిలుస్తాయి. వచ్చే వేసవి నాటికి దాని వేరు లోతుకు చేరుతుంది. మార్చిలో పువ్వు చూసి ముచ్చటపడి కొని నాటిన మొక్కకు ఆ గడువు ఉండదు. ఇంకొకసారి జ్ఞాపకం చేసుకోవలసిన అంశాలు మూడే. మొక్క వేసవిని ఎలా గడుపుతుందో చూసి ఎంచుకోవాలి. పూచేవి, ఓర్చేవి, నిద్రించేవి మూడూ కలిసి ఉండేలా చూడాలి. తొలకరిలో నాటి, లోతుగా తడిపి, నేలను కప్పి ఉంచాలి.

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని పెద్దల మాట. ఆ రోహిణి కార్తెలో ఒక మధ్యాహ్నం మూడు గంటలకు శ్రోతలు తమ పేటలోనే ఒక వీధి తిరిగి, ఎవరి వాకిట ఏ మొక్క తలవంచకుండా నిలిచిందో చూసి రావాలని విజ్ఞప్తి. నందివర్ధనం, గోరింట, కాగితపు పూలు, మల్లె అన్నీ కొమ్మ నాటితే బతికేవే కనుక, మృగశిర వానలు పడగానే ఆ ఇంటివారిని అడిగి ఒక కొమ్మ తెచ్చుకుని నాటండి. మీ మొక్క ఎదిగిన తరువాత అడిగినవారికి ఒక కొమ్మ ఇవ్వండి.